ఆలోచన ఎక్కడ దొరుకుతుంది? భారత సాఫ్ట్‌వేర్ చరిత్ర చెప్పే జవాబు

అంకుర సంస్థల మీద అభ్యర్థులు రాసే వ్యాసాల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: "మన దేశంలో ప్రతిభకు కొదవ లేదు, కొత్త ఆలోచనలకే కొరత." చదవడానికి బాగానే ఉంటుంది. పేపరు దిద్దేవారు మాత్రం అక్కడే ఆగి, "ఎందుకు?" అని అడుగుతారు. దానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. విద్యావిధానం అనో, రిస్కు తీసుకోరనో రాసి ముందుకు వెళ్లిపోతారు.

ఈ ప్రశ్నకు చరిత్రలో జవాబు ఉంది. 1955 నుంచి ఇప్పటివరకు మన దేశంలో నిలబడిన సాఫ్ట్‌వేర్ పనులను వరుసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. వాటిలో చాలావరకు ఎవరికో మెరుపులా తట్టినవి కావు. ఒకరు రోజూ పడుతున్న ఇబ్బందిని మరొకరు దగ్గరి నుంచి చూసినప్పుడు పుట్టినవి. కాబట్టి "మనకు ఆలోచనలు ఎందుకు రావు?" అన్నది సరైన ప్రశ్న కాదు. "ఏ కాలంలో మన ప్రోగ్రామర్లు ఎవరి ఇబ్బందికి దగ్గరగా ఉన్నారు?" అన్నది సరైన ప్రశ్న. ఈ వ్యాసం అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1. లెక్కల గదిలో మొదలు (1955–1974)

మన దేశానికి మొదటి డిజిటల్ కంప్యూటర్ 1955లో వచ్చింది. బ్రిటన్‌లో తయారైన ఆ హెచ్‌ఈసీ-2ఎం యంత్రాన్ని కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పెట్టారు. అది అక్కడికే ఎందుకు వెళ్లింది? మహలనోబిస్ నాయకత్వంలో రెండో పంచవర్ష ప్రణాళికకు నమూనా తయారవుతున్నది అక్కడే. జాతీయ నమూనా సర్వేల అంకెలు కుప్పలుగా పడి ఉన్నదీ అక్కడే. అంకెలతో కుస్తీ పడుతున్నవారే ముందుగా యంత్రాన్ని కోరుకున్నారు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఆర్. నరసింహన్ బృందం సొంతంగా యంత్రాన్నే తయారుచేసింది. దానికి 1962లో నెహ్రూ 'టిఫ్రాక్' అని పేరు పెట్టారు.

1968లో మొదలైన టీసీఎస్ తొలి పనులు చూడండి: టిస్కోకు పంచ్‌కార్డుల పని, సెంట్రల్ బ్యాంక్ శాఖల మధ్య లెక్కలు సరిపోల్చే పని, యూనిట్ ట్రస్ట్‌కు లెక్కల సేవలు. బ్యాంకు శాఖల మధ్య లెక్క అంటే ఒక శాఖ పంపిన సొమ్ము ఇంకో శాఖ పుస్తకంలో ఎక్కిందా లేదా అన్నది ఒక్కొక్కటిగా చూసుకోవడం. మనుషులు చేస్తే ఎప్పటికీ వెనకబడే పని. అది గొప్ప ఆవిష్కరణ కాదు, కానీ ఇబ్బంది నిజమైనది. దాన్ని తీర్చడానికి డబ్బు ఇచ్చేవారూ ఉన్నారు.

అదే సమయంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దాన్ని మరచిపోకూడదు. యంత్రం వస్తే ఉద్యోగం పోతుందన్న భయం అది. 1960ల్లో కలకత్తాలో ఎల్‌ఐసీ ఉద్యోగులు కంప్యూటర్‌కు వ్యతిరేకంగా గట్టిగా ఉద్యమించారు. యంత్రీకరణపై దండేకర్ కమిటీ 1972లో నివేదిక ఇచ్చింది. ఉద్యోగాలు అరుదుగా ఉన్న దేశంలో ఆ భయాన్ని అజ్ఞానం అని కొట్టిపారేస్తే వ్యాసం ఏకపక్షం అవుతుంది.

2. ఐబీఎం వెళ్లిపోయాక: రైలు టికెట్టు కథ

1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం (ఫెరా) ప్రకారం విదేశీ కంపెనీలు భారతీయ శాఖలో తమ వాటాను సాధారణంగా 40 శాతానికి తగ్గించుకోవాలి. ఐబీఎం ఒప్పుకోలేదు. 1978లో దేశం విడిచి వెళ్లింది. దాని యంత్రాల నిర్వహణ భారం ప్రభుత్వ రంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ (సీఎంసీ) మీద పడింది.

చాలామంది ఈ ఘట్టాన్ని "స్వావలంబన" అన్న ఒక్క మాటతో ముగించేస్తారు. అసలు విశేషం తరవాత జరిగింది. యంత్రాలు బాగుచేయడానికి కార్యాలయాల్లోకి వెళ్లిన ఇంజినీర్లకు ఆ కార్యాలయాల పని తెలిసింది. ఏ సంస్థలో ఏ పని ఎక్కడ ఆగిపోతోందో కళ్లారా చూశారు. మరమ్మతుల కోసం పెట్టిన సంస్థ క్రమంగా పెద్ద సాఫ్ట్‌వేర్ పనులు చేపట్టింది.

వాటిలో అందరికీ తెలిసినది రైల్వే రిజర్వేషన్. కంప్యూటర్ రాకముందు ఒక్కో రైలుకు, ఒక్కో తేదీకి రిజిస్టర్ ఉండేది. ఆ రిజిస్టర్ ఏ కౌంటరులో ఉంటే అక్కడే నిలబడాలి. గంటసేపు నిలబడి ముందుకు వెళ్లాక, ఆ రైలు పక్క కౌంటరులో అంటే మళ్లీ వరుస చివరికి. సీఎంసీ తయారుచేసిన 'ఇంప్రెస్' వ్యవస్థ 1985లో న్యూఢిల్లీలో మొదలైంది. ఏ కౌంటరులోనైనా ఏ రైలుకైనా టికెట్ తీసుకోవచ్చు. ప్రయాణికుడికి కనిపించిన మార్పు ఇంతే. దాని వెనక కోటాలు, రాయితీలు, తరగతులు, మధ్య స్టేషన్లు అన్నీ ప్రోగ్రాములోకి ఎక్కించాల్సి వచ్చింది. ఈ నియమాలేవీ విదేశీ పుస్తకంలో దొరకవు. రిజర్వేషన్ గుమస్తా పక్కన కూర్చుంటేనే తెలుస్తాయి.

తరవాతి మెట్టుకు తెలుగు నేలతో సంబంధం ఉంది. రైల్వేల సొంత సంస్థ క్రిస్ (1986లో ఏర్పాటైంది) రూపొందించిన 'కాన్సర్ట్' వ్యవస్థ 1994లో మొదట సికింద్రాబాద్‌లోనే అమలైంది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకదానితో ఒకటి కలిశాయి. అంటే సికింద్రాబాద్‌లో కూర్చుని హౌరా నుంచి బయల్దేరే రైలుకు టికెట్ తీసుకునే వీలు కలిగింది. 2002లో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ టికెట్లు వచ్చాయి. ఒకే ఇబ్బందిని ఇరవై ఏళ్లు వదలకుండా పట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

3. తండ్రి వ్యాపారం, కొడుకు ప్రోగ్రాము

ప్రైవేటు రంగంలో ఇదే సూత్రానికి ఉదాహరణ టాలీ. శ్యామ్ సుందర్ గోయెంకా మిల్లులకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసే వ్యాపారి. తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ బజారులో దొరకలేదు. గణితం చదివిన కొడుకు భరత్ గోయెంకాను తయారుచేయమన్నారు. 1986లో పుట్యూట్రానిక్స్... కాదు, 'ప్యూట్రానిక్స్' పేరుతో మొదలైన ఆ సంస్థే తరవాత టాలీగా పేరుపొందింది.

ఇందులో గమనించాల్సిన అంశం ఒకటుంది. అప్పటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఖాతాకు ఒక సంకేత సంఖ్య గుర్తుపెట్టుకోవాలి. మన వ్యాపారి మాత్రం చిట్టాలో పేరు రాసుకుంటాడు. టాలీ ఆ అలవాటుకు తగ్గట్టు, సంకేతాల బెడద లేకుండా పేర్లతోనే పని జరిగేలా రూపొందింది. వాడేవాడిని మార్చే బదులు పనిముట్టును మార్చారు. ఈ రోజు చిన్న పట్టణాల్లోని గుమస్తా ఉద్యోగ ప్రకటనల్లో కూడా "టాలీ తెలిసి ఉండాలి" అని రాస్తున్నారంటే కారణం అదే.

4. ఇతరుల ఇబ్బందికి మన శ్రమ (1984–2000)

మరి ఇలాంటి ఉదాహరణలు తక్కువగా ఎందుకున్నాయి? ఇక్కడే విధానాల చరిత్ర అవసరమవుతుంది.

1984 నవంబరు నాటి కంప్యూటర్ విధానం దిగుమతులను సులభం చేసింది. 1986 సాఫ్ట్‌వేర్ విధానం ఎగుమతులకు ఊతమిచ్చింది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరుకు వచ్చింది. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ (ఎస్‌టీపీఐ) ఏర్పడి, చిన్న కంపెనీలకు కూడా ఉపగ్రహ సమాచార సదుపాయం అందించింది. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది.

విదేశీ మారకద్రవ్యం కరవైన దేశానికి ఈ దారి సరైనదే. కానీ దీనితో ఒక దూరం ఏర్పడింది. కొనేవాడు అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్నాడు. ఇబ్బందిని గుర్తించే పని, దానికి పరిష్కారం ఎలా ఉండాలో నిర్ణయించే పని అక్కడే పూర్తయ్యేది. మన దగ్గరికి వచ్చేసరికి అది రాసిపెట్టిన పని జాబితా. 2000 సంవత్సరం సమస్యనే తీసుకోండి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండు అంకెలతో రాయడం వల్ల వచ్చిన చిక్కు అది. మనవాళ్లు లక్షల వరుసల కోబాల్ ప్రోగ్రాములు సరిచేశారు. నైపుణ్యానికి లోటు లేదు. ఇబ్బంది మాత్రం మనది కాదు.

అమీర్‌పేట శిక్షణ కేంద్రాల బోర్డులు ఈ చరిత్రకు మంచి ఆధారం. అమెరికాలో దేనికి గిరాకీ ఉంటే ఆ కోర్సు పేరు ఇక్కడ గోడ మీదికి ఎక్కేది. లక్షల తెలుగు కుటుంబాల బతుకు ఆ బోర్డుల వల్ల బాగుపడింది, అందులో సందేహం లేదు. అయితే గిరాకీని బట్టి నేర్చుకోవడం అలవాటైతే ఇబ్బందిని వెతకడం అలవాటు కాదు. ఇది బుద్ధిలో లోపం కాదు, నిలబడిన చోటులో ఉన్న తేడా.

ఆ కాలంలో దేశంలోని ఇబ్బందికి దగ్గరగా ఉన్నది ఎక్కువగా ప్రభుత్వమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణ (కార్డ్) మొదలైంది. రోజుల తరబడి తిరిగితేగానీ రాని ఈసీ నిమిషాల్లో చేతికందింది. జంట నగరాల్లో 1999లో ప్రయోగంగా మొదలై, 2001లో ఈ-సేవగా మారిన కేంద్రాల్లో కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే చోట కట్టే వీలు కలిగింది. కర్ణాటక 'భూమి' భూరికార్డులు కూడా ఆ రోజులవే.

5. ఇబ్బంది ఇంటికొచ్చింది (2005 తరవాత)

ఫణీంద్ర సామా తెలంగాణకు చెందినవారు, బెంగళూరులో ఇంజినీరు. 2005 దీపావళికి ఇంటికి వెళ్లాలంటే బస్సు టికెట్ దొరకలేదు. ఒక్కో ఏజెంటు దగ్గర కొన్ని బస్సుల్లో కొన్ని సీట్లే ఉండేవి. అతని దగ్గర లేదంటే అసలు లేదని కాదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఒక్కచోట తెలిసే దారి లేదంతే. 2006లో చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరితో కలిసి ఆయన రెడ్‌బస్ మొదలుపెట్టారు.

ఈ కథను చాలామంది "టికెట్ దొరకలేదు, కంపెనీ పెట్టాడు" అని ముగిస్తారు. మధ్యలో ఉన్నదే పాఠం. మొదట బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేయాలనుకున్నారు. యజమానులు ఆసక్తి చూపలేదు. సీట్లు అమ్మిపెట్టేవారు కావాలన్నది వారి అవసరం. దాంతో ముందు సీట్లు అమ్మడంతో మొదలుపెట్టారు. సొంత ఇబ్బంది తలుపు మాత్రమే చూపిస్తుంది. లోపలికి వెళ్లాలంటే ఎదుటివాడి ఇబ్బంది కూడా తెలుసుకోవాలి.

చెన్నైలో 2010లో మొదలైన ఫ్రెష్‌డెస్క్ ఇంకో రకం. గిరీష్ మాతృభూతం అమెరికా నుంచి తెచ్చుకున్న టీవీ దారిలో పగిలింది. పరిహారం కోసం చాలా తిరగాల్సి వచ్చింది. ఆ తరవాత, వినియోగదారుల ఫిర్యాదులు చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక సంస్థ ధరలు పెంచగా వాడేవారు మండిపడటం ఆయన గమనించారు. అప్పటికే ఆయనకు ఆ రంగంలో అనుభవం ఉంది. కోపంగా మాట్లాడే కొనుగోలుదారుడి కంటే మంచి సమాచారం ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ సంస్థ 2021లో నాస్‌డాక్‌లో నమోదైంది.

6. పొరుగు దేశాల పాఠాలు

దక్షిణాసియా కోణం చేరిస్తే వ్యాసానికి బలం వస్తుంది.

బంగ్లాదేశ్: 1971 యుద్ధ రోజుల్లో ఇక్బాల్ ఖాదిర్ అనే బాలుడు మందు కోసం పొద్దంతా నడిచి మరో ఊరు వెళితే మందులాయన ఊళ్లో లేడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఫోను ఉంటే ఆ రోజు వృథా అయ్యేది కాదన్న తలంపు ఏళ్ల తరవాత గ్రామీణ్‌ఫోన్ (1997)కు దారితీసింది. గ్రామీణ బ్యాంకు అప్పుతో పల్లె మహిళలు ఫోను కొని, ఊరివారికి నిమిషాల లెక్కన మాట్లాడే వీలు కల్పించారు. 2011లో వచ్చిన బీకాష్ మామూలు ఫోను మీదే డబ్బు పంపే సదుపాయం ఇచ్చింది. ఢాకాలో కూలి చేసి ఊరికి డబ్బు పంపేవారికి కావాల్సింది అదే.

శ్రీలంక: 2004 డిసెంబరు సునామీ తరవాత తప్పిపోయినవారి వివరాలు, శిబిరాలు, సహాయ సంస్థల వివరాలు ఒక్కచోట లేక గందరగోళం ఏర్పడింది. కొలంబోలోని సాఫ్ట్‌వేర్ స్వచ్ఛంద కార్యకర్తలు కొద్ది రోజుల్లోనే 'సహనా' అనే వ్యవస్థను తయారుచేసి ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచారు. 2005 పాకిస్తాన్ భూకంపంలోనూ దాన్ని వాడారు. లాభం కోసం కాకుండా పుట్టిన సాఫ్ట్‌వేర్‌కు ఇది మంచి ఉదాహరణ.

7. దూరం నుంచి వచ్చిన ఆలోచన

ఒక్క వైపే చూపిస్తే వాదన నిలవదు. సింప్యూటర్‌ను చూడండి. బెంగళూరు శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు కలిసి పేదలకు తక్కువ ధరలో, భారతీయ భాషల్లో పనిచేసే చేతి కంప్యూటర్ తయారుచేశారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. 2004లో బజారుకు వచ్చినా అనుకున్నంత అమ్ముడుపోలేదు. ఉద్దేశం మంచిదే, పనితనమూ మంచిదే. పల్లెవాసి ముందుగా కోరుకున్నది మాత్రం దూరాన ఉన్న మనిషితో మాట్లాడటం. ఆ కోరిక మామూలు మొబైల్ ఫోను తీర్చింది. "వీళ్లకు ఇది అవసరం" అని మనం అనుకోవడం వేరు, వాళ్లు దాన్ని వెతుక్కుంటూ ఉండటం వేరు.

8. పునాది ఎవరు వేశారు?

ఇబ్బంది కనిపించినా, తీర్చే వీలు ఆ కాలంలో ఉండాలి. రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘం చొరవతో 2008లో ఏర్పడిన ఎన్‌పీసీఐ 2016లో యూపీఐని తెచ్చింది. ఏ బ్యాంకు ఖాతా నుంచి ఏ బ్యాంకు ఖాతాకైనా ఫోనుతో డబ్బు వెళ్లే బాట అది. ఆ బాట పడ్డాకే దాని మీద కొత్త ఇబ్బందులు కనిపించాయి. ఉదాహరణకు, రద్దీలో ఉన్న కూరగాయల వ్యాపారి ప్రతిసారీ ఫోను తీసి డబ్బు వచ్చిందో లేదో చూడలేడు. చేతులు తడిగా ఉంటాయి, ఎదుట నలుగురు బేరమాడుతుంటారు. "రూపాయలు అందాయి" అని బిగ్గరగా చెప్పే సౌండ్‌బాక్స్ అక్కడి నుంచి వచ్చింది. ఆ ఆలోచన ఎంత చిన్నదో, దుకాణం ముందు నిలబడనివారికి అది తట్టడం అంత కష్టం.

2015లో హైదరాబాద్‌లో టీ-హబ్, 2016 జనవరిలో స్టార్టప్ ఇండియా వచ్చాయి. ఇవి చోటు, పెట్టుబడి, పరిచయాలు ఇస్తాయి. ఇబ్బందిని చూసే కన్ను మాత్రం ఇవ్వలేవు.

9. కనిపించని ఇబ్బందులు

ఈ చరిత్రలో ఒక అన్యాయం కూడా ఉంది. ప్రోగ్రాము రాయగలవారికి దగ్గరగా ఉన్న ఇబ్బందులే ముందుగా తీరతాయి. బస్సు టికెట్, ఇంటికి భోజనం, టాక్సీ: ఇవన్నీ నగరంలో జీతం తీసుకునేవారి ఇబ్బందులు. మురుగు కాలువలోకి దిగే మనిషి ఇబ్బంది ఎవరి పక్కన ఉంది?

2015 నవంబరులో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో ముగ్గురు చనిపోయారు. ఇద్దరు ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లిన కార్మికులు. మూడో మనిషి వారిని కాపాడటానికి దిగిన స్థానిక ఆటో డ్రైవరు. చేతులతో పాకీ పనిని నిషేధించే చట్టం అప్పటికే రెండేళ్ల కిందట, 2013లోనే వచ్చింది. ఆ తరవాత కేరళలో కొందరు యువ ఇంజినీర్లు జెన్‌రోబోటిక్స్ సంస్థ ద్వారా మనిషి దిగకుండా మ్యాన్‌హోల్ శుభ్రం చేసే 'బాండికూట్' యంత్రాన్ని తయారుచేశారు. దాన్ని కొనేది కార్మికుడు కాదు, పురపాలక సంస్థ. ఇబ్బంది పడేవాడు డబ్బు ఇవ్వలేనప్పుడు కొనాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే అవుతుంది. మార్కెట్ ఒక్కటే సరిపోదని చెప్పడానికి ఈ ఉదాహరణ వాడండి.

ముగింపు

చరిత్ర నుంచి నాలుగు ప్రశ్నలు తీసుకోవచ్చు. ఇబ్బంది ఎవరిది, ఎంత తరచుగా వస్తోంది? ఇప్పుడు దాన్ని వాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు, ఏ రిజిస్టరుతో, ఎన్ని ఫోన్లతో? తీర్చినందుకు డబ్బు ఎవరిస్తారు? నిన్న లేని ఏ పునాది ఈ రోజు ఉంది? రైల్వే రిజర్వేషన్, టాలీ, రెడ్‌బస్ ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలవు. సింప్యూటర్ రెండో ప్రశ్న దగ్గరే తడబడింది.

చివరగా మీ గురించి ఒక మాట. రేపు మీరు ఉద్యోగంలో చేరాక సోమవారం ప్రజావాణిలో బల్ల మీద అర్జీలు కుప్పగా పడతాయి. పాసుపుస్తకంలో తప్పు పేరు, ఆగిపోయిన పింఛను, సరిహద్దు తగాదా. ఒక్కో అర్జీని ఒక్కో ఫైలుగా చూసి పంపించేయవచ్చు. లేదా ఒకే రకం అర్జీ నెలకు ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టి, ఎక్కడ ఆగుతోందో చూడవచ్చు. కోట్ల పెట్టుబడితో వెతుకుతున్న ఆలోచనలు ఆ కుప్పలోనే ఉంటాయి. వాటికి అందరికంటే దగ్గరగా కూర్చునేది మీరే.

సాధన ప్రశ్నలు

1. "భారత సాఫ్ట్‌వేర్ రంగం ఎగుమతులవైపు మొగ్గడం దేశీయ ఆవిష్కరణలను ఆలస్యం చేసింది." 1984 నుంచి 2000 వరకు వచ్చిన విధానాల ఆధారంగా విమర్శనాత్మకంగా పరిశీలించండి. (250 పదాలు)

2. డిజిటల్ ప్రజా మౌలిక వసతులు అంకుర సంస్థలకు ఎలా పునాది వేస్తాయి? వాటి లబ్ధి అందని వర్గాలను పేర్కొంటూ ప్రభుత్వ పాత్రను చర్చించండి. (250 పదాలు)